మూత, పెట్టె, శాసనం: ఎట్రుస్కన్ సమాధి శిల్పాన్ని చదివే పద్ధతి

మధ్య ఇటలీలో టైబర్, ఆర్నో నదుల నడుమ క్రీ.పూ. 9వ శతాబ్దం నుంచి క్రీ.పూ. 1వ శతాబ్దం దాకా వర్ధిల్లిన ఎట్రుస్కన్ల గురించి రాసి పెట్టినవారు ఎక్కువగా పరాయివారు. వారిని పొరుగువారిగానో శత్రువులుగానో చూసిన గ్రీకులు, రోమన్ల మాటలే మనకు దక్కాయి. ఎట్రుస్కన్లకు సొంత లిపి ఉండేది, గ్రంథాలూ ఉండేవి. అయితే నారబట్ట మీద రాసిన ఒక గ్రంథం, ఈజిప్టులో శవానికి చుట్టిన పట్టీలుగా మారి ఇప్పుడు జాగ్రెబ్ నగరంలో ఉన్నది, తప్ప మిగిలినవి కాలగర్భంలో కలిసిపోయాయి. రోమన్ చక్రవర్తి క్లాడియస్ వారి చరిత్రను గ్రీకులో 20 సంపుటాలుగా రాశాడు, అదీ దక్కలేదు. దొరికిన శాసనాలు సుమారు 13,000 ఉన్నా వాటిలో అధికభాగం సమాధుల మీద చెక్కిన పొట్టి వాక్యాలు. అందువల్ల ఈ జాతి తన గురించి తాను చెప్పుకున్న మాట వినాలంటే వారి శవపేటికల దగ్గరికీ, అస్థికల పేటికల దగ్గరికీ వెళ్లక తప్పదు.

మ్యూజియంలో అలాంటి పేటిక ముందు నిలబడినప్పుడు గానీ, మంచి ఛాయాచిత్రాలు ముందు పెట్టుకున్నప్పుడు గానీ దేనిని ముందు చూడాలి, దేని నుంచి ఎంతవరకు ఊహించవచ్చు అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను. నేను గట్టిగా నమ్మే సూత్రం ఒకటుంది. మూత మీది మనిషి బొమ్మ, కింది పెట్టె మీది కథాశిల్పం, అంచున చెక్కిన శాసనం వేరు వేరు సాక్షులు. ముగ్గురినీ విడివిడిగా ప్రశ్నించిన తరువాతే వారి మాటలను పోల్చాలి. మొదటి చూపులోనే మూడింటినీ కలిపి ఒక వ్యక్తి జీవితకథగా అల్లుకోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

ముందుగా రాయి, మట్టి, కొలత

బొమ్మ ముఖం వైపు చూపు పోకముందే పేటిక పొడవు చూడండి. మనిషి పడుకోవడానికి సరిపడా ఉంటే అది సాధారణంగా శవాన్ని ఉంచిన పేటిక. రెండు మూడు అడుగులకు మించకపోతే అది దహనం తరువాత అస్థికలను భద్రపరచిన పేటిక. దక్షిణాన సముద్రానికి దగ్గరగా ఉన్న తార్క్వీనియా, వుల్చి నగరాలవారు క్రీ.పూ. 4వ శతాబ్దం తరువాత ఎక్కువగా ఖననాన్ని పాటించి పెద్ద రాతి పేటికలు చేయించుకోగా, ఉత్తరాన లోతట్టులో ఉన్న వోల్తెర్రా, పెరూజా నగరాలవారు దహనానికే కట్టుబడ్డారు. కియూసిలో దహనమే ప్రధానమైనా పెద్ద శవపేటికలు కూడా దొరికాయి. ఎట్రుస్కన్లు ఒకే రాజు కింద ఉన్న దేశం కాదనీ, ఒకే భాష, ఒకే దైవభక్తి గల స్వతంత్ర నగరాల సముదాయమనీ పుస్తకాలు చెప్పే విషయాన్ని ఈ కొలతలే మన కళ్లకు చూపిస్తాయి.

ముడిసరుకు కూడా ఊరి పేరు చెబుతుంది. వోల్తెర్రా శిల్పులు తమ కొండల్లోనే దొరికే అలబాస్టర్ అనే మెత్తని తెల్లరాయిని చెక్కారు. తార్క్వీనియాలో నెన్‌ఫ్రో అనే బూడిదరంగు అగ్నిపర్వత శిల వాడుక. చెర్వేతెరి ప్రసిద్ధి కాల్చిన మట్టికి. కియూసి శిల్పులు మట్టితో పాటు, చెక్కేటప్పుడు గంధకపు వాసన కొట్టే స్థానిక సున్నపురాయిని కూడా వాడారు. ఇప్పుడు బోసిగా కనిపిస్తున్నవాటిలో చాలా వాటికి ఒకప్పుడు ఎరుపు, నీలం, పసుపు రంగులు ఉండేవి. మడతల లోపల, చెవుల వెనుక, జుట్టు పాయల మధ్య ఆ రంగు ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉంటాయి కనుక పక్కనుంచి వంగి చూడడం అలవాటు చేసుకోవాలి.

కొలతను గమనించడంలో మరో లాభం ఉంది. వోల్తెర్రా పేటికల మూతల మీద తల పెద్దదిగా, ఛాతీ నుంచి కిందిభాగం కుదించినట్టుగా ఉంటుంది. దీనిని శిల్పి చేతకానితనమని కొట్టిపారేసినవారు లేకపోలేదు గానీ అది సరైన తీర్పు కాదు. అస్థికల పేటిక పొట్టిది. ఆ కొద్దిపాటి మూత మీద విందు శయ్యపై ఒరిగిన నిండు మనిషిని చూపాలి. చూసేవారికి ముఖమూ, చేతిలోని వస్తువులూ స్పష్టంగా కనిపించాలి. ఎక్కడ కుదించాలో ఆ పనివారికి బాగా తెలుసు.

కాలం గుర్తుపట్టడం

దీనికి నాలుగు గుర్తులు చాలు. క్రీ.పూ. 9, 8 శతాబ్దాల్లో బొమ్మ ఉండదు. అస్థికల కుండ మీద శిరస్త్రాణమో గిన్నెనో బోర్లించేవారు, లేదా కుండనే గుడిసె ఆకారంలో చేసేవారు. క్రీ.పూ. 7, 6 శతాబ్దాల్లో కియూసి పరిసరాల్లో కుండ మూత మనిషి తలగా మారింది, కుండకు చేతులు మొలిచాయి, దానిని కంచు కుర్చీలోనో మట్టి కుర్చీలోనో కూర్చోబెట్టారు. దహనంలో కరిగిపోయిన శరీరానికి మళ్లీ ఒక రూపమూ, ఇంట్లో ఒక ఆసనమూ ఇవ్వాలన్న తపన అక్కడ కనిపిస్తుంది. క్రీ.పూ. 6వ శతాబ్దం చివరికి చెర్వేతెరిలో నిండు మనుషులు శయ్యల మీద ఒరిగారు. ఆ తరువాత క్రీ.పూ. 4వ శతాబ్దం నడిమి నుంచి క్రీ.పూ. 1వ శతాబ్దం దాకా వచ్చినవే మ్యూజియంలలో ఎక్కువగా కనిపించే పేటికలు. వాటిలో తొలినాటి మూతలపై బొమ్మలు వెల్లకిలా పడుకుని ఉంటాయి. రానురాను ఎడమ మోచేతి మీద లేచి మనవైపు చూస్తాయి.

మూత: దంపతుల శయ్య ముందు ఎక్కువసేపు నిలబడండి

రోమ్ నగరంలోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్న దంపతుల శవపేటికను ఈ కళకు ప్రవేశద్వారంగా భావించవచ్చు. చెర్వేతెరి దగ్గరి బండితాచ్చా శ్మశానవాటికలో 1881లో ఇది 400కు పైగా ముక్కలుగా దొరికింది. దాదాపు రెండు మీటర్ల పొడవు గల ఈ మట్టి శిల్పాన్ని క్రీ.పూ. 520 ప్రాంతంలో చేశారు. అంత పెద్ద వస్తువును ఒకేసారి కాల్చడం కష్టం కనుక నాలుగు భాగాలుగా విడివిడిగా కాల్చి జతపరిచారు. రెండు బొమ్మల మధ్యగా పోయే అతుకును వెతికితే కనిపిస్తుంది. దీనికి జంట అనదగిన మరొకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దానిలో ఉంచినవి అస్థికలు అయి ఉండవచ్చని పండితులు భావిస్తారు కాబట్టి, పైన నేను చెప్పిన పొడవు కొలత అన్నిచోట్లా పనిచేయదని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ చూపును శయ్య కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి తీసుకువెళ్లండి. పరుపు మెత్తగా కుంగింది. దిండ్లు ద్రాక్షాసవపు తిత్తుల వలె ఉన్నాయి. భార్య ముందు, భర్త వెనుక, ఇద్దరూ ఎడమ మోచేతులపై ఒరిగి ఉన్నారు. భర్త కాళ్లకు చెప్పులు లేవు; భార్య కాళ్లకు మొన పైకి వంగిన మెత్తని పాదరక్షలు, తలకు గుండ్రటి టోపీ, దాని కింద నుంచి భుజాల మీదుగా జారే జడలు. భర్త కుడిచేయి భార్య భుజం మీద ఉంది. నడుము దాకా శరీరాలు చైతన్యంతో ఉప్పొంగుతుండగా నడుము కిందిభాగం పలకలా చదునుగా ఉండిపోయింది. శిల్పి ప్రాణమంతా ముఖాల్లోనూ చేతుల్లోనూ పెట్టాడు. ఆ చేతులు నాలుగూ ఏదో పట్టుకున్నట్టు, ఏదో అందిస్తున్నట్టు ఉన్నాయి గాని వాటిలోని వస్తువులు పోయాయి. పాత్ర, గుడ్డు, దానిమ్మ, పరిమళ తైలపు బుడ్డి అని రకరకాలుగా ఊహించారు. తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి ముద్ద అందే క్షణం లాంటి ఆత్మీయత ఆ వేళ్ల కదలికలో ఉంది. రెండున్నర వేల ఏళ్ల నాటి మట్టిలో అంతటి సజీవతను నేను మరెక్కడా చూడలేదు.

ఇప్పుడు ముఖాలు చూడండి. బాదంగింజ కళ్లు, కోసుగా ఉన్న చుబుకం, పెదవుల మీద చిరునవ్వు. భర్త గడ్డం తీసేస్తే ఇద్దరి ముఖాలూ దాదాపు ఒక్కటే. ఆ నవ్వు ఆ దంపతుల స్వభావం కాదు. ఆసియా మైనర్ తీరపు గ్రీకు శిల్పుల నుంచి వచ్చిన ఆనాటి శైలి. కాబట్టి ‘మృత్యువు ముందు కూడా నవ్విన జాతి’ అని రాసే వాక్యాలను నమ్మకండి. శైలికి చెందినదానిని స్వభావానికి అంటగట్టకూడదు.

అయితే భంగిమ విషయం వేరు. శయ్యపై ఒరిగి విందు చేసే పద్ధతి గ్రీకులదే. కానీ ఆనాటి ఏథెన్స్ విందుల్లో గృహిణికి చోటు లేదు; అక్కడ కనిపించే స్త్రీలు వాద్యకత్తెలు, వేశ్యలు. ఎట్రుస్కన్లు ఆ ఆచారాన్ని తీసుకుని అందులో భార్యను భర్త పక్కన ఉంచారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్ దీనిని సహించలేక, ఎట్రుస్కన్ స్త్రీలు పరపురుషులతో విందులు చేస్తారనీ, బిడ్డకు తండ్రి ఎవరో ఎరగరనీ రాశాడు. పేటిక మీద ఆ పరపురుషుడు లేడు, భర్తే ఉన్నాడు. ఆ నిందకు ఈ మట్టి శిల్పమే జవాబు.

అంతమాత్రాన స్త్రీ పురుష సమానత్వం అని రాసేయడం తొందరపాటు. ఇవి సంపన్న కుటుంబాల శిల్పాలు. నగరాధికారుల పదవులను పేర్కొనే శాసనాల్లో ఆ పదవులు పురుషులవే. శిల్పం రుజువు చేసేది ఇంతవరకే: కుటుంబ గౌరవాన్ని నలుగురికీ చూపే వేదిక మీద భార్యకు కనిపించే స్థానం ఉంది. అలాగే అది బతికున్నప్పటి విందా, అంత్యక్రియల విందా, పరలోకపు విందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఎంచుకోనక్కరలేదు. సమాధిలో ఆ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ముఖం వ్యక్తిదా, అచ్చుదా?

తరువాతి శతాబ్దాల పేటికలు చూసేటప్పుడు ఈ ప్రశ్న తప్పదు. లండన్‌లో ఉండే తెలుగువారికి దీనికి ఉత్తమోదాహరణ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. కియూసి సమీపంలో 1886లో దొరికిన సెయాంటి హనూనియా త్లెస్నాసా పేటిక క్రీ.పూ. 150-140 నాటిది. నగలు ధరించిన నిండైన స్త్రీ శయ్య మీద ఒరిగి, ఎడమచేత మూత తెరిచిన అద్దం పట్టుకుని, కుడిచేత మేలిముసుగు సవరించుకుంటోంది. రంగులు చాలావరకు నిలిచి ఉన్నాయి. పేటికలో ఆమె అస్థిపంజరం చెక్కుచెదరకుండా ఉండడం వల్ల అరుదైన పరీక్ష సాధ్యమైంది. ఎముకలను బట్టి ఆమె యాభై ఏళ్లు దాటి మరణించిందనీ, యౌవనంలో, బహుశా గుర్రపు స్వారీలో, తీవ్రంగా గాయపడిందనీ పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. పుర్రె ఆధారంగా పునర్నిర్మించిన ముఖానికీ, మూత మీది ముఖానికీ కొలతల్లో పోలిక ఉంది. కానీ శిల్పి ఆమెను వయసు తగ్గించి, ముఖం నునుపు చేసి చూపించాడు.

దీనినే ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్న లార్థియా సెయాంటి పేటిక పక్కన పెట్టి చూడండి. అదే ఇంటిపేరు, అదే కియూసి ప్రాంతం, అదే అద్దం, ముసుగును అదే విధంగా ఎత్తిన చేయి. అంటే భంగిమ కార్ఖానాది, హోదాకు గుర్తు. ముఖంలో మాత్రమే కొంతవరకు వ్యక్తి ఉంది. అదే మ్యూజియంలో పొట్ట బయటికి వచ్చిన పురుషుని పేటిక కూడా ఉంది. రోమన్ కవి కాటుల్లస్ ‘స్థూలకాయుడైన ఎట్రుస్కన్’ అని ఒక కవితలో అన్నమాటను జనం ఆ బొమ్మకు తగిలించారు. ఆ పొట్ట ఎగతాళి కోసం చెక్కింది కాదు. తిండికి లోటులేని ఇంటి యజమాని తన సంపదను అలా చూపించుకోవడంలో గౌరవమే చూశాడు.

ధనికుల పేటికల దగ్గరే ఆగిపోవద్దు. కియూసిలో మూసలో పోసిన చిన్న మట్టి పేటికలు ఒకే బొమ్మతో పదుల సంఖ్యలో దొరికాయి. వాటి మీది కొన్ని శాసనాల్లో ‘లౌత్ని’ అనే మాట కనిపిస్తుంది. బానిసత్వం నుంచి విముక్తులై యజమాని కుటుంబానికి అనుబంధంగా బతికినవారిని అలా పిలిచేవారు. పేరు చెక్కిన పేటికలో పడుకునే గౌరవం క్రీ.పూ. 2వ శతాబ్దానికి వారి దాకా కూడా వచ్చిందని ఆ చౌక వస్తువులే సాక్ష్యం చెబుతాయి. ఎట్రుస్కన్ సమాజం గురించి వీటి నుంచి నేర్చుకునేది ఏ కళాఖండం నుంచి నేర్చుకునేదానికీ తీసిపోదు.

చేతిలో ఏముంది?

ఎక్కువమంది పురుషుల కుడిచేతిలో మధ్యన బొడిపె ఉన్న వెడల్పాటి పళ్లెం ఉంటుంది. అది భోజన పాత్ర కాదు, దేవతలకు తర్పణం వదిలే పాత్ర. స్త్రీల చేతుల్లో అద్దం, విసనకర్ర, దానిమ్మపండు తరచుగా కనిపిస్తాయి. అద్దాన్ని అలంకారంగా మాత్రమే చూడకండి. ఎట్రుస్కన్ కంచు అద్దాల వెనుక పురాణ దృశ్యాలనూ, అందులోని పాత్రల పేర్లనూ చెక్కేవారు. ఆ రాతలు చదవగల స్త్రీలు ఉన్నారన్నమాట. తార్క్వీనియా మ్యూజియంలోని లారిస్ పూలెనాస్ అనే వ్యక్తి బొమ్మ తన ముందు విప్పి పట్టుకున్న గ్రంథపు చుట్ట మీద తొమ్మిది పంక్తుల శాసనం ఉంది. తన వంశాన్ని ముత్తాత దాకా చెప్పుకుని, తాను నిర్వహించిన పదవులను పేర్కొన్నాడు. శకున శాస్త్రం మీద గ్రంథం రాశానని కూడా అందులో చెప్పుకున్నాడని పండితులు అర్థం చేసుకుంటున్నారు. వోల్తెర్రాలోని ఔలే లేకు అనే వ్యక్తి బొమ్మ చేతిలో బలిపశువు కాలేయం ఉంది. దాన్ని చూసి దైవసంకల్పం చెప్పడం ఎట్రుస్కన్లకు పేరు తెచ్చిన విద్య. రోమన్లు శతాబ్దాల పాటు ఆ విద్య కోసం వారినే పిలిపించుకున్నారు.

పెట్టె మీది కథ

పెట్టె ముందువైపు సాధారణంగా గ్రీకు పురాణ గాథ ఉంటుంది. సోదరులైన ఎటియోక్లిస్, పాలినైసిస్ ఒకరినొకరు చంపుకోవడం, నావికులను పాటతో ఆకర్షించి చంపే సైరెన్ల పాటను నౌకస్తంభానికి కట్టుకుని వింటున్న వీరుడు ఒడిస్సియస్ వంటివి వోల్తెర్రా గ్వార్నాచ్చి మ్యూజియంలో కావలసినన్ని కనిపిస్తాయి. 1761లో పట్టణానికి దక్కిన ఆ సేకరణలో 600కు పైగా పేటికలు ఉన్నాయి. కథ దొరకగానే దానిని మూత మీది మనిషికి అన్వయించకూడదు. చాలా పెట్టెలు ముందే చెక్కి సిద్ధంగా ఉంచినవి; ఒక కార్ఖానా పెట్టెకు వేరే చోటి మూత కలిసిన సందర్భాలూ ఉన్నాయి.

గ్రీకు కథలో గ్రీకుకు చెందనిది ఏముందో వెతకడం ఇక్కడ అసలైన పని. రెక్కలు, చేతిలో కాగడా, ఛాతీ మీద అడ్డంగా పోయే పట్టీలతో వాన్త్ అనే దేవత నిలబడి ఉంటుంది. సుత్తి పట్టుకున్న వికృతాకారుడు ఖారున్. ఎవరు చనిపోబోతున్నారో వారి పక్కకు వీరిద్దరూ వచ్చి నిలబడతారు. ఖారున్ రూపం భయం పుట్టించినా అతడు హింసించేవాడని చెప్పే ఆధారం బలంగా లేదు. దారి చూపడం, ద్వారం దగ్గర కాపలా కాయడం అతని పనిగా కనిపిస్తుంది. మరికొన్ని పెట్టెల మీద పురాణమే లేదు. గుర్రం మీదనో, పైకప్పు ఉన్న బండిలోనో చనిపోయినవారు బయలుదేరడం, బంధువులు చేయి పట్టుకుని వీడ్కోలు చెప్పడం ఉంటుంది. మరణమంటే ప్రయాణమన్న భావన వారికి ఎంత సహజమో ఆ బండ్లను చూస్తే తెలుస్తుంది.

శాసనం చదవడం

భయపడవలసిన పని లేదు. లిపి గ్రీకు నుంచి వచ్చినదే కాబట్టి అక్షరాలు ఒక పూటలో పట్టుబడతాయి. కుడి నుంచి ఎడమకు చదవాలి. భాష ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందనిదైనా సమాధి శాసనాల్లో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే. ‘క్లాన్’ కొడుకు, ‘సెఖ్’ కూతురు, ‘పుయా’ భార్య, ‘అవిల్’ సంవత్సరం, ‘లుపు’తో మొదలయ్యేవి మరణాన్ని తెలిపేవి. ముందు వ్యక్తి పేరు, తరువాత ఇంటిపేరు, ఆపైన తండ్రి పేరు, చాలాచోట్ల తల్లి పేరు కూడా ఉంటాయి.

అమెరికాలో బోస్టన్ పరిసరాల్లో ఉన్నవారు అక్కడి లలితకళల మ్యూజియంలో ఉన్న వుల్చి శవపేటికల జంటతో ఈ సాధన చేయవచ్చు. ఒకదాని మీద ఆర్న్థ్ తెత్నియెస్, రామ్థా విష్నై దంపతులు. మరొకదాని మీద వారి కొడుకు లార్త్ తెత్నియెస్, కోడలు థాన్‌ఖ్విల్ తార్నై. రెండు తరాల జంటలూ ఒకే దుప్పటి కింద ఎదురెదురుగా పడుకుని, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తున్నారు. రామ్థా పేటిక ముందువైపు ఊరేగింపులో భర్త వెనుక సేవకులు అతని హోదాకు చెందిన పీఠం, కొమ్ము వంటివి మోస్తుండగా, భార్య వెనుకవారు ఆమె వస్తువులు మోస్తున్నారు. శాసనంలో ఆమెకు సొంత పేరూ, పుట్టింటి పేరూ రెండూ ఉన్నాయి. అదే కాలపు రోమన్ స్త్రీని తండ్రి వంశనామంతోనే పిలిచేవారని గుర్తుంచుకుంటే ఆ రెండు మాటల విలువ తెలుస్తుంది. ఈ పేటికల విషయంలో మూత, పెట్టె, శాసనం మూడూ ఒకే మాట చెబుతున్నాయి; అలా కలిసినప్పుడు మాత్రం ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు.

నకిలీల పట్ల జాగ్రత్త

బ్రిటిష్ మ్యూజియం 1871లో దంపతుల మట్టి శవపేటిక ఒకటి కొని ఎన్నో ఏళ్లు ప్రదర్శించింది. అది 19వ శతాబ్దపు నకిలీ. దుస్తులు ఆ కాలానివి కావు, భంగిమలకు మరెక్కడా పోలిక లేదు, శాసనమేమో లూవ్ర్‌లోని ఒక బంగారు పిన్ను మీది రాతకు నకలు. తవ్వకంలో ఎక్కడ, ఏ సమాధిలో, ఏ వస్తువులతో పాటు దొరికిందో తెలియని పేటిక ఎంత అందంగా ఉన్నా దాని మీద సిద్ధాంతాలు కట్టకూడదు. మ్యూజియం పట్టీలో దొరికిన చోటు రాయలేదంటే ఆ లోటును కూడా మీ పరిశీలనలో రాసుకోండి.

చివరి కాలపు పేటికలు

క్రీ.పూ. 90-89లలో ఎట్రుస్కన్లకు రోమన్ పౌరసత్వం దక్కిన తరువాత సమాధుల్లోకి లాటిన్ వచ్చింది. ఈ మార్పును పెరూజా దగ్గర 1840లో బయటపడిన వోలుమ్ని (ఎట్రుస్కన్ భాషలో వెలిమ్నా) కుటుంబ సమాధిలో ఒకేచోట చూడవచ్చు. కుటుంబ పెద్ద ఆర్న్థ్ వెలిమ్నా పేటిక మీద అతడు శయ్యపై ఒరిగి ఉండగా కింద రెక్కల దేవతలిద్దరు కాపలా ఉన్నారు. అదే గదిలో తరువాతి కాలపు పాలరాతి పేటికకు మనిషి బొమ్మే లేదు. అది ఇంటి ఆకారంలో ఉంది, దాని మీద శాసనం రెండు భాషల్లో ఉంది. లాటిన్ పాఠంలో ఆ పేటికకు చెందిన వ్యక్తి పేరు పుబ్లియస్ వోలుమ్నియస్ వియోలెన్స్. తండ్రి పేరును రోమన్ పద్ధతిలో పొడి అక్షరంతో సూచించి, ఆ వెంటనే రోమన్ ఆచారంలో లేని విధంగా ‘కఫాతియాకు పుట్టినవాడు’ అని తల్లి ఇంటిపేరును పూర్తిగా చెక్కించారు.